సద్దుల నాటి మలీద

ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాటి సాయంకాలము హనుమకొండలో పద్మాక్షి గుట్ట దిగువను ఒక్కసారి నిలిచి చూచినవారికి ఆ దృశ్యమును వేరొకరు వర్ణించి చెప్పవలసిన పని లేదు. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు అంతస్తులుగా పేర్చిన బతుకమ్మలు వందలకొలది వచ్చి చేరుతవి. ఆట ముగుస్తుంది. పాట ముగుస్తుంది. బతుకమ్మ నీటి మీద సాగిపోతుంది. అప్పుడు స్త్రీలు గట్టున కూర్చుండి సద్దులు విప్పుతారు. పెరుగన్నము, పులిహోర, కొబ్బరన్నము, నువ్వులన్నము మొదలైనవాటి నడుమ, అరచేతిలో ఇమిడేటంత ముదురు గోధుమవన్నె ముద్ద ఒకటి ఉంటుంది. ఒకరి ముద్దను ఒకరికి ఇచ్చి, ఒకరి నోట ఒకరు పెట్టి, తక్కినది కొంగున కట్టుకొని ఇంటికి తెస్తారు. దానినే మలీద అంటారు.

మహిళల కార్యక్రమమునకు వచ్చు జాబులలో ఈ నడుమ ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తున్నది. ఓట్సు అనే విదేశ ధాన్యమును ఖర్జూరముతోను, ఎండుద్రాక్షతోను కూర్చి, పలకలుగా కాల్చి పండుగలకు పంచుకొనుట పట్టణపు ఇండ్లలో కొత్తగా అలవాటైనది. వాటిని ఇంటనే చేయు విధానము చెప్పుమని కొందరు అడుగుతున్నారు. ఇటువంటి పదార్థము మనకు మునుపెన్నడును లేదా అని మరికొందరు అడుగుతున్నారు. మొదటి ప్రశ్నకు వంటల కార్యక్రమము సమాధానము చెప్పగలదు. రెండవ ప్రశ్న చరిత్రకు సంబంధించినది. ఉన్నది, అది ఇప్పటికిని ఓరుగంటి ఇండ్లలో ఏటేట తయారగుచున్నది అని మేము చెప్పదలచినాము. కాని ఆ సమాధానము వెనుక ఒక విచారము కూడ ఉన్నది. దానిని చివర మనవి చేస్తాము.

మలీద అనగా ఏమి? రొట్టె కాల్చి, వేడిగా ఉండగానే చిదిమి, బెల్లము చేర్చి, చేతులతో బాగుగా నలిపి, నేయి పోసి ముద్ద కట్టినది మలీద. కలిగినవారు ఏలకుల పొడి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, ఖర్జూరము, కొబ్బరి కోరు చేరుస్తారు. లేనివారు పల్లీలతోను నువ్వులతోను సరిపెట్టుకుంటారు. రొట్టె జొన్నది కావచ్చును, సజ్జది కావచ్చును, గోధుమది కావచ్చును. చూచుటకు ఇంత సులువైన వంట మరొకటి లేదనిపిస్తుంది. అసలు కష్టమంతయు రొట్టెలో ఉన్నది.

గోధుమపిండికి సహజముగా సాగు గుణము ఉన్నది. జొన్నపిండికి అది లేదు. చన్నీటితో కలిపిన జొన్నపిండి అంచుల వెంట పగిలిపోతుంది. అందుచేత మరిగిన నీరు పోసి, చేయి కాలుతున్నను ఓర్చుకొని, మడిమతో అదిమి అదిమి మర్దించవలెను. పీట మీద పొడిపిండి చల్లి, ఉండను అరచేతితో తట్టుతూ, తట్టినకొలది తిప్పుతూ పలుచన చేయవలెను. పెనము మీద వేసిన వెంటనే పైభాగమును తడిగుడ్డతో తుడువవలెను. ఆ తడి ఆరేలోగా తిరుగవేయవలెను. ఆపైన నిప్పుల మీద చూపితే రొట్టె పొంగుతుంది. ఇదంతయు కొలతలతో వచ్చేది కాదు, ఏండ్ల తరబడి చేతికి పట్టుబడవలసిన విద్య. జొన్నరొట్టె చల్లారితే బిరుసెక్కుతుంది, బెల్లమును పట్టదు. కనుక మలీద చేయువారు రొట్టె పెనము దిగిన క్షణమున దానిని చిదుముతారు. ఆ వేడికి బెల్లము కరగి, పిండిలోని ప్రతి రేణువునకు అంటుకుంటుంది.

ధాన్యపు పిండిని నిప్పుల మీద కాల్చి, తీపిని, నేతిని చేర్చి దేవతకు నివేదించుట మన దేశమున అతి ప్రాచీనము. వైదిక యజ్ఞములలో పురోడాశమనే పిండి రొట్టె ఉన్నది. బియ్యపు పిండితోగాని, యవల పిండితోగాని దానిని చేసి, కపాలములనగా మట్టి పెంకుల మీద ఉంచి కాల్చేవారు. అగ్నికి ఎనిమిది పెంకుల మీద కాల్చినది, ఇంద్రునకు పదునొకండు పెంకుల మీద కాల్చినది అని లెక్క కూడ చెప్పినారు. క్రింద కాగిన పెంకులు, పైన కప్పిన నిప్పులు. నేటి విద్యుత్తు ఓవెన్‌లో జరిగే పని కూడ, ఇరుప్రక్కల నుండి వేడి తగిలించుటయే గదా. అపూపమనే మరొక పిండివంట ఋగ్వేదముననే కనిపిస్తుంది. పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున కూర్చిన మానసోల్లాసమున అన్నభోగమను ప్రకరణమున్నది. అందు గోధుమపిండి మండకములను కాగిన కుండ మీద పరచి కాల్చు పద్ధతి వర్ణితమైనది. ఓరుగంటి కాకతీయులు తొలుత ఈ చాళుక్యులకే సామంతులు.

ఇక ఓరుగంటికే వత్తము. క్రీడాభిరామమను గ్రంథమును చదివినవారికి టిట్టిభసెట్టి, మంచనశర్మ అను మిత్రులిద్దరు ఒక్క దినము ఓరుగంటి వీథులలో తిరిగిన ముచ్చట తెలిసినదే. దానిని వినుకొండ వల్లభరాయడు రచించినాడని కొందరును, శ్రీనాథుడే రచించినాడని కొందరును వాదించినారు. ఎవరు రచించినను, పట్టణపు దినచర్యను అంత దగ్గరగా చూపిన కావ్యము ప్రాచీన సాహిత్యమున అరుదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కాకతీయుల కాలపు జీవనమును పునర్నిర్మించుటకు ఈ గ్రంథమును విరివిగా వాడుకొన్నారు. ఆ మిత్రులు లక్ష్మణవజ్ఝల వారి పూటకూళ్ళ యింటిని గూర్చి చెప్పుకొంటారు. ఒక్క రూకకు సువాసన గల సన్నన్నము, గోధుమ పిండివంట, పంచదార, కొత్తగా కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు అచట దొరికెడివట. గోధుమపిండి, చక్కెర, నేయి, పండు ఈ నాలుగును ఒక్క విస్తరిలో ఉన్నవి. మలీదకు కావలసిన సామగ్రి ఇంచుమించు సమకూడినట్లే.

అయితే అది రూక పెట్టగలవాని విస్తరి. ఓరుగంటి చుట్టు ఉన్న పల్లెలలో నూటికి తొంబది ఇండ్లలో తిన్నది ఏమి? పాకాల, రామప్ప, లక్నవరము వంటి మహా తటాకములను కాకతీయులు, వారి సామంతులు నిర్మించినారు. ఆ చెరువుల క్రింద వరి పండినది. చెరువు నీరు ఎక్కని ఎర్రచెలకలలో, వానను నమ్ముకొని జొన్న, సజ్జ, కొర్ర పండినవి. తరువాతి కాలపు రెవెన్యూ లెక్కలలో మొదటిది తరి, రెండవది ఖుష్కీ. తరి పంట శిస్తులకు, దేవాలయములకు, అంగళ్ళకు పోయినది. ఖుష్కీ పంట ఇంటి పొయ్యికి మిగిలినది. పల్నాటిలో తినుటకు జొన్న తప్ప మరేమియు దొరకదని శ్రీనాథుని పేర ప్రచారములో ఉన్న చాటువు వెక్కిరిస్తుంది. వరియన్నమునకు అలవాటుపడిన కవికి ఆ కూడు రుచించలేదు. పెద్దవారి నోట చిన్న ధాన్యమునకు ఇట్టి పరాభవము ఇచట మాత్రమే కాదు. ఇంగ్లండులో శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రకటించిన నిఘంటువులో ఓట్సును గూర్చి వ్రాస్తూ, ఇంగ్లండులో గుర్రములకు పెట్టే ఈ గింజను స్కాట్లండులో మనుష్యులు తింటారని ఎత్తిపొడిచినాడు. నేడు మన దుకాణములలో వెలగల వస్తువుగా అమ్ముడుపోవు ఓట్సు కథ కూడ, ఒకనాడు జొన్న కథ వంటిదే.

జొన్న కూడ ఈ నేలన పుట్టినది కాదు. దాని జన్మభూమి ఆఫ్రికా ఖండము. సజ్జ సహారా ఎడారి దక్షిణపు అంచున పుట్టినది. రమారమి నాలుగు వేల ఏండ్ల క్రిందట ఇవి రెండును మన దేశమునకు వచ్చి చేరినవి. మక్కజొన్న అమెరికా నుండి వచ్చినది. మలీదలో వేసే జీడిపప్పు 16వ శతాబ్దమున పోర్చుగీసువారి వెంట బ్రెజిలు నుండి వచ్చినది. పల్లీ కూడ దక్షిణ అమెరికాదే. ఖర్జూరము పారశీక సముద్రతీరము నుండి వర్తకుల వెంట వచ్చినది. మనదని గట్టిగా చెప్పదగిన చెరకు బెల్లము, ఆవునేయి, నువ్వులు, ఇవి మాత్రము ఇంటివి. ఇన్ని దేశముల దినుసులు కూడి, ఒక్క ముద్దగా కట్టబడి, పూర్తిగా మన పండుగ ప్రసాదమైనవి.

మరి పేరు? అది తెలుగు మాట కాదు, సంస్కృతము కాదు. పారశీక భాషలో మాలీదన్ అనగా రుద్దుట, నలుపుట. మాలీద అనగా నలిపినది. ఒంటికి నూనె రాచి మర్దించుటను మాలీషు అంటాము గదా, ఆ మాటకు ఈ మాట తోబుట్టువు. రొట్టె చిదిమి నలుపుటయే ఈ వంటలోని ప్రధాన క్రియ కనుక, పేరు పనికి సరిగా అతికినది. రాజస్థానమున ఇటువంటి పదార్థమునకే చూర్మా అని పేరు. పని ఒక్కటే, పేర్లు వేరు.

1323లో ప్రతాపరుద్రుడు బందీయైన పిమ్మట ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల చేతిలోనికి పోయినది. పట్టణమునకు సుల్తానుపురమని కొంతకాలము పేరు మారినది. ఆపైన బహమనీలు, గోలకొండ కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు వరుసగా ఏలినారు. దర్బారులలో పారశీకము వ్యవహార భాష. తరి, ఖుష్కీ, జమీను, దస్తావేజు అను మాటలు కచేరి దారిన ఊళ్ళోనికి వచ్చినవి. మలీద అను మాట మాత్రము కచేరి దారిన వచ్చినట్లు తోచదు. అది పీర్ల చావడి దారిన వచ్చినదని మా అభిప్రాయము. కుతుబ్‌షాహీలు షియా మతస్థులు. మొహర్రము సంతాప దినములను వారు ఘనముగా జరిపించినారు. హైదరాబాదులోని బాదుషాహీ ఆషూర్‌ఖానాను మహమ్మదు కులీ కుతుబ్‌షా 1590ల దశకమున కట్టించినాడు. ఆ ఆచారము రాజధాని నుండి పల్లెలకు ప్రాకి, పల్లె భాషలో పీర్ల పండుగయైనది. తెలంగాణ పల్లెలలో పీర్లను ఎత్తేవారిలో, గుండము చుట్టు ఆడేవారిలో, మ్రొక్కులు మ్రొక్కేవారిలో హిందువులు కూడ ఉంటారు. ముసల్మాను కుటుంబము ఒక్కటియు లేని పల్లెలలో సైతము పీర్లు లేచిన ఉదాహరణలున్నవి. ఆ పీర్లకు ఊదు వేసి, పానకముతో పాటు నివేదించేది ఈ మలీదనే.

ఈ పేరు ప్రయాణించిన దారి చాల పొడవైనది. అఫ్ఘానిస్థానములో చిదిమిన రొట్టె, నేయి, చక్కెర కలిపిన పదార్థమును మలీద అంటారు. కొంకణ తీరమున శతాబ్దములుగా నివసించిన బెనె ఇస్రాయేలీ యూదులు ప్రవక్త ఏలీయా పేర జరుపు కృతజ్ఞతా పూజకు కూడ మలీద అనియే పేరు. వారు రొట్టెకు మారుగా అటుకులు తీసికొని, కొబ్బరి, చక్కెర, ఖర్జూరము, తాజా పండ్లు చేర్చి పంచుకుంటారు. హిందువుల బతుకమ్మ, ముసల్మానుల పీర్లు, యూదుల ప్రవక్త, ముగ్గురి ముందును ఒకే పేరు గల పళ్ళెము. దేవుని పేరు మారినది కాని పళ్ళెము పేరు మారలేదు.

ఇచట చంద్రమానపు ఒక చిత్రమును చెప్పవలెను. మన పంచాంగమునకును, హిజరీ కాలమానమునకును మాసమునకు చంద్రుడే ఆధారము. మనము మూడేండ్లకొకమారు అధికమాసము చేర్చి ఋతువులతో సరిచేసుకుంటాము. హిజరీలో ఆ చేర్పు లేదు. అందుచేత మొహర్రము ఏటేట పది పదునొకండు దినములు వెనుకకు జరుగుతూ, ముప్పది రెండు ముప్పది మూడేండ్లకు ఋతుచక్రమంతయు తిరిగి వస్తుంది. ఆ తిరుగుటలో ఎప్పుడో ఒకమారు మొహర్రము మాసమును మన ఆశ్వయుజ మాసమును ఒకటవుతవి. అప్పుడు సద్దుల బతుకమ్మ, దసరా, పీర్ల పండుగ మూడును నాలుగైదు దినములలోనే వస్తవి. 1983 అట్టి సంవత్సరము. ఆ యేట అక్టోబరు 16న దసరా, ఆ మరునాటికే మొహర్రము పదియవ దినము.

ఆనాటికి మేము బడిలో చేరిన కొత్త. ఓరుగంటికి చేరువనున్న పల్లెలో మా అమ్మమ్మగారి ఇంట ఉన్నాము. రెండు పండుగలకు రెండు మార్లు పొయ్యి వెలిగించుట ఎందుకని ఆమె ఒక్కనాడే కుంచెడు జొన్నపిండి రొట్టెలు తట్టినది. ముంగిట చాప పరచి, చిదుముటకు మమ్ములనందరను కూర్చుండబెట్టినది. చేతులు కాలుతవని మేము మొరపెట్టుకొంటే, కాలినప్పుడే బెల్లము పడుతుందని బదులు చెప్పినది. ఆ మలీదలో సగము సద్దుల గంపలోనికి పోయినది, సగము గిన్నెలో మూతపెట్టి పీర్ల చావడికి పోయినది. ఇది బతుకమ్మది, అది పీర్లది అని ఆమె వేరు చేయలేదు. చావడి ముజావరు ఆ గిన్నె మీద ఫాతిహా చదివి, పిడికెడు తీసి పంచి, తక్కినది తిరిగి మా చేతికే ఇచ్చినాడు. ఆ రాత్రి మేము తిన్నది ఏ పండుగ ప్రసాదమో మాకు తెలియదు.

ఆ 1983వ సంవత్సరమే మరొక కారణమున కూడ జ్ఞాపకముంచుకొనదగినది. కిలో బియ్యమును రెండు రూపాయలకు ఇచ్చు పథకము ఆ యేటనే మన రాష్ట్రమున ఆరంభమైనది. పండుగలకు పబ్బములకు మాత్రమే వరియన్నము ఎరిగిన ఇండ్లలో దినదినము వరియన్నము ఉడికినది. దీనిని తక్కువ చేసి మాట్లాడుట మా ఉద్దేశము కాదు. ఆకలిని ఎరిగినవారెవ్వరును అట్లు మాట్లాడజాలరు. గటకకు, అంబలికి జీవితమంతయు గడిపిన మా అమ్మమ్మ కూడ తెల్లని అన్నము వంక తృప్తిగా చూచినది. కాని పొయ్యి మీద జరిగిన మార్పు పొలములో జరుగక మానదు. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు నీరు కాకతీయ కాలువ వెంట క్రమముగా ఈ ప్రాంతమునకు వచ్చినది. విద్యుత్తు మోటార్లతో బావుల నీరు చెలకలకెక్కినది. జొన్న, సజ్జ వేసిన ఎర్రనేలలలో పత్తి, మక్కజొన్న, మిరప, వరి వచ్చినవి. నేడు ఏనుమాముల మార్కెట్టులో పత్తి బస్తాల గుట్టలు, మిరప బస్తాల గుట్టలు చూడవచ్చును. జొన్న బస్తాను వెదకవలెను. జొన్న, సజ్జ పంటల పరిశోధనకు ప్రపంచమంతటికిని కేంద్రమైన ఇక్రిశాట్ సంస్థ 1972లో పటాన్‌చెరువున వెలసినది. అది ఓరుగంటికి ఒక్క పూట ప్రయాణము. పరిశోధన దగ్గరికి వచ్చినది, పంట దూరమైనది.

పంట పోయినను పండుగ ఆ పంటను మరచిపోదు. ఇది ఒక్క మన దేశపు సంగతి కాదు. ఇంగ్లండు ఉత్తర భాగమున యార్క్‌షైరు, లంకాషైరు ప్రాంతములలో పార్కిన్ అని ఒక పదార్థమున్నది. ఓట్సు పిండిని, మన బెల్లపు పాకము వంటి నల్లని ట్రీకిల్‌తోను, అల్లపు పొడితోను కలిపి కాల్చి, పలకలుగా కోస్తారు. 1605లో పార్లమెంటు భవనమును పేల్చివేయదలచిన కుట్ర భగ్నమైన జ్ఞాపకార్థము ఏటేట నవంబరు 5న మంటలు వేసినప్పుడు దానిని తినుట అచటి ఆచారము. చలి నేలలో గోధుమ సరిగా పండని చోట, పేదవాని గింజ ఓట్సు. నేడు అచట గోధుమ రొట్టెకు కరవు లేదు. అయినను మంటల పండుగ నాటికి ఓట్సు పార్కిన్ ఉండి తీరవలెను. కెనడా పడమటి మైదానములలో ఓట్సు పొరల నడుమ ఖర్జూరపు ముద్ద పెట్టి కాల్చిన పలకలకు పెండ్లి కేకు అను అర్థమిచ్చు పేరున్నది. సిరియా, లెబనాను దేశములలో ఖర్జూరము నింపిన మామూల్ అను పిండివంటను ముసల్మానులు రంజానునకు, క్రైస్తవులు ఈస్టరునకు చేసుకుంటారు. ఇరుగుపొరుగులు ఒకే అచ్చుతో వేర్వేరు పండుగలు జరుపుకొను తీరు అచట కూడ ఉన్నది. కనుక మన పట్టణపు ఇండ్లలో నేడు ఓవెన్‌లో కాలుతున్న ఓట్సు పలక పరాయిది కాదు. అది మలీదకు దూరపు చుట్టము.

ఇక మొదట మనవి చేసిన విచారము. 1983 తరువాత మళ్ళీ 2015, 2016, 2017 సంవత్సరములలో మూడేండ్లు వరుసగా దసరా, మొహర్రము కలిసివచ్చినవి. 2016లో అక్టోబరు 11న దసరా, 12న మొహర్రము పదియవ దినము. అంతకు రెండేండ్ల ముందు, 2014లో, బతుకమ్మ రాష్ట్ర పండుగగా ప్రకటితమైనది. బతుకమ్మలు మునుపటికంటె ఎత్తుగా లేచినవి. మా అమ్మమ్మ అప్పటికి లేదు. చిన్ననాటి సద్దులను, చావడిని తలచుకొని మేము కుటుంబముతో ఆ పల్లెకు పోయినాము. ఇంటిలో ఎనిమిది మంది స్త్రీలున్నారు. అందరును చదువుకొన్నవారు, వంటలో చేయి తిరిగినవారు. జొన్నపిండి పట్టణము నుండి కొని తెచ్చినాము. రొట్టె తట్టుటకు కూర్చున్నవారు ఒకరి తరువాత ఒకరు లేచిపోయినారు. మొదటి రొట్టె పీట మీదనే చీలినది, రెండవది పెనము మీద చీలినది, మూడవది పొంగలేదు. తుదకు గోధుమ చపాతీలు చేసి, బెల్లము కలిపి మలీద అనిపించినాము. తీపి తక్కువ కాలేదు, నేయి తక్కువ కాలేదు, జీడిపప్పు మునుపటికంటె ఎక్కువే పడినది. పేరు నిలిచినది. గింజ పోయినది, గింజతో పాటు చేయి పోయినది.

చావడికి గిన్నె పంపుదమా వద్దా అని ఆనాడు కొంతసేపు తర్జనభర్జన జరిగినది. పిల్లలకు ఆ వాడుక తెలియదు. పెద్దలకు చిరకాలమై తప్పిపోయినది. తుదకు మా మేనమామగారు, ఎవరి అనుమతి అడుగక, గిన్నె తీసికొని లేచినారు. ముజావరు కుమారుడు గిన్నె మూత తీసి చూచి, ‘జొన్నది కాదా?’ అని అడిగినాడు. ఆ ప్రశ్నలో నింద లేదు. అతడు కూడ చిన్ననాడు ఆ గిన్నెలోనిదే తిన్నవాడు. గోధుమదని విని, నవ్వి, ఫాతిహా చదివి, సగము తీసికొని సగము తిరిగి ఇచ్చినాడు. గింజ మారిన సంగతిని గుర్తుపట్టినవాడు మా ఇంటివాడు కాక, చావడివాడు కావుట మా మనస్సున ఈనాటికిని మెదలుతున్నది. ప్రసాదము పంచుకొనుట అనగా జ్ఞాపకమును కూడ రెండిండ్లలో దాచుకొనుట అని ఆనాడు అర్థమైనది.

ఐక్యరాజ్యసమితి మన దేశపు ప్రతిపాదన మీద 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా పాటించినది. జొన్న అటుకులు, సజ్జ బిస్కత్తులు దుకాణములకు వచ్చినవి. శ్రీనాథుని చాటువు వెక్కిరించిన జొన్న, జాన్సన్ వెక్కిరించిన ఓట్సు నేడు ఒకే అరలో ప్రక్కప్రక్కన కూర్చున్నవి. ఇది సంతోషించదగినదే. కాని పొట్లములోని జొన్న, రొట్టె తట్టే చేతిని తిరిగి తేలేదు. ఆ చేయి చూచి నేర్వవలసినది, ప్రక్కన కూర్చుండి నేర్వవలసినది. అట్టి చేతులు మన పల్లెలలో ఇంకను ఉన్నవి, డెబ్బదియేండ్లు దాటిన చేతులు.

కొలతలు కోరిన శ్రోతల కొరకు ఒక్క మాట. రెండు గ్లాసుల జొన్నపిండికి ఒక గ్లాసు తురిమిన మెత్తని బెల్లము, నాలుగు చెంచాల నేయి, నాలుగు ఏలకులు, గింజ తీసి సన్నగా తరిగిన ఖర్జూరములు పది, పిడికెడు జీడిపప్పు, ఎండుద్రాక్ష చాలును. రొట్టె పెనము దిగగానే చిదుమవలెను. చల్లారనీయరాదు. ఓవెన్ ఉన్నవారు ఈ ముద్దనే నేయి రాచిన పళ్ళెములో అదిమి, పైభాగము ఎర్రవారువరకు కాల్చి పలకలుగా కోసికొనవచ్చును. పురోడాశమును పెంకుల మీద కాల్చిన జాతికి అది తప్పు కానేరదు.

దసరా, మొహర్రము ఇట్లు కలిసివచ్చుటకు 2017 నుండి లెక్కించితే మరల ముప్పది యేండ్లకు పైగా పడుతుంది. ఆనాటికి నేటి మన పిల్లలు నడివయసువారై ఉంటారు. చావడికి గిన్నె పోవలెనో వద్దో, అందులో ఏ గింజ ఉండవలెనో వారే నిర్ణయించుకుంటారు. నిర్ణయించుకొనుటకు వారికి ఒకమారైనను రుచి తెలిసి ఉండవలెను గదా. రానున్న సద్దుల నాడు ఇంటిలో జొన్నరొట్టె తట్టగల పెద్దలు ఎవరైన ఉంటే, పిల్లలను వారి ప్రక్కన కూర్చుండబెట్టుడు. చేతులు కొంచెము కాలుతవి. కాలనీయుడు.